ఇంటిదాకా మాట్లాడొద్దన్న మందు

ఉదయం ఆరున్నరకల్లా జహీరాబాద్ బస్టాండులో ఉన్నాం. నేను, మా అత్తమ్మ, పదేళ్ల నా కూతురు సహస్ర. సహస్రకు ఏడో ఏట షుగర్ వచ్చింది. పెద్దవాళ్లకొచ్చే రకం కాదు, రోజూ నాలుగు ఇన్సులిన్ సూదులు పొడిస్తే తప్ప బతకనివ్వని రకం. ఈ మూడేళ్లలో మాకు సలహా ఇవ్వని మనిషి లేదు. కూరగాయలమ్మే ఆమె కాకరకాయ రసం అంది, తాగించాం. మొగుడంపల్లిలో ఒకాయన తాయెత్తు కట్టాడు. రాయికోడ్ నుంచి మా ఆడపడుచు చింతగింజల పొడి డబ్బా నిండా పంపింది. అన్నీ అయ్యాయి, ఒక్క సూదీ తగ్గలేదు.

ఇప్పుడు కర్ణాటకలో ఎవరో నాటు వైద్యుడట. "ఇదొక్కటి చూద్దాం బిడ్డా, ఇగ నిన్ను అడుగ" అంది అత్తమ్మ. ఆమె ఆ మాట అనడం ఇది అయిదోసారి. ఇంట్లో రోజూ రామాయణం పడలేక, సూదులు మాత్రం ఆపేది లేదని చెప్పి బయలుదేరాను.

హుమ్నాబాద్ బస్సు ఆరూ యాభైకి అన్నారు, ఏడుంబావుకి వచ్చింది. ఆడవాళ్లకు చిరాగ్‌పల్లి దాకా జీరో టికెట్, రాష్ట్రం దాటాక డబ్బులు. ఆధార్ కార్డు చేతిలో పెట్టుకోండి. నేను సంచి అడుగున పెట్టి కండక్టరుతో మాటలు పడ్డాను.

వెనక సీటు పెద్దమనిషికి అత్తమ్మ మా కథంతా చెప్పేసింది. ఆయన నా వైపు వంగి, "సూదులు అలవాటైతయమ్మా, జర బంద్ చెయ్యున్రి" అన్నాడు.

"మీకు బువ్వ గూడ అలవాటైంది గద పెద్దయ్యా, బంద్ చెయ్యరాదా?" అన్నాను. ఆ తర్వాత ఆయన దిగేదాకా కిటికీ బయటే చూశాడు.

హైవే మీద దిగి, షేర్ ఆటోలో రెండు కిలోమీటర్లు పోతే వైద్యుడి రేకుల షెడ్డు. ఎనిమిదిన్నరకు చేరితే మా టోకెను నలభై మూడు. మందు పరగడుపున తాగాలట, కాబట్టి సహస్ర ఏమీ తినలేదు. తినలేదు కనుక పొద్దున తిండికిచ్చే సూదీ ఇవ్వలేదు. గంటకోసారి దాని వేలు పొడిచి మీటరులో షుగర్ చూస్తూ కూర్చున్నాను. నేను పొడిచినప్పుడల్లా చుట్టూ ఉన్న ఆడవాళ్లు అయ్యో అయ్యో అన్నారు. వాళ్ల కళ్లకు నేనే రాక్షసిని.

పదకొండున్నరకు మా వంతు వచ్చింది. వైద్యుడు నాడి పట్టుకుని, కన్నడం కలిసిన తెలుగులో, "సూదులు మెల్లగ ఇడిసిపెట్టాలె" అన్నాడు.

"ఇడిసిపెట్టం" అన్నాను.

"అట్లయితే మందు గూడ మెల్లగనే పనిచేస్తది" అన్నాడు. ఎటు పోయినా తప్పు నాదే అయ్యేటట్టు మాట్లాడడం కూడా ఒక విద్యే.

సహస్ర చేత గ్లాసెడు ఆకు పసరు తాగించాడు. తర్వాత మోదుగాకుల్లో కట్టిన ఏడు పొట్లాలు దాని చేతిలో పెట్టి పద్ధతి చెప్పాడు. పొట్లాలు రోగి చేతిలోనే ఉండాలి. ఇంటి గడప దాటేదాకా రోగి తినడానికి తప్ప నోరు తెరవకూడదు. తెరిస్తే మందులో బలం పోతుంది.

నాకు ఒళ్లు మండింది. అక్కడ గొడవ పడే ఓపిక లేక, "సరే, ఇంటిదాకా నోరు తెరవకు. మీ నాయనమ్మకు సంబరమైతది" అన్నాను. సహస్ర పెదాలు గట్టిగా బిగించి తల ఊపింది.

హైవే పక్క హోటల్లో దానికి మూడు పూరీలు చెప్పి, ఆ మూడు పూరీలకూ సరిపడా ఇన్సులిన్ పొడిచాను. మీటరు బాగానే చూపించింది. నేను హోటలతన్ని బస్సు ఎప్పుడని అడుగుతుంటే సహస్ర నా కొంగు లాగింది. "ఇంటికాడ చెప్పు" అన్నాను. ఇంతలో బస్సు వచ్చింది, పరుగెత్తాం. ఆ పసరుకు కడుపులో తిప్పి అది ఒక్క పూరీయే తిన్నదని నాకప్పుడు తెలియదు. పళ్లెం వైపు చూస్తే తెలిసేది, చూడలేదు.

ఒంటిగంట దాటింది. సహస్ర కిటికీ పక్కన, దాని పక్కన నేను, ముందు సీట్లో అత్తమ్మ. మామూలుగా ఈ పిల్ల నోటికి తాళం ఉండదు. సిగ్గుతో చెప్తున్నాను, ఆ నిశ్శబ్దం నాకు హాయిగా అనిపించింది. కళ్లు మూసుకున్నాను.

చిరాగ్‌పల్లిలో పచ్చిమిరపకాయల సంచితో ఒకామె ఎక్కి నా పక్కన సర్దుకుంది. "ఏం పేరు బిడ్డా?" అని సహస్రను అడిగింది. "మాటలు రావా అమ్మా పిల్లకు?" అంది నాతో.

"వస్తయి. చేతిల మందున్నది, మాట్లాడొద్దన్నరు" అన్నాను కళ్లు తెరవకుండానే.

"మాటకేమాయె గని, పిల్ల వణుకుతున్నది చూడున్రి."

చూశాను. నుదుటి మీద చెమట, తెల్లబడిన పెదాలు. వణికే చేతిలో ఏడు పొట్లాలు. వేలు పొడిస్తే మీటరులో నలభై ఆరు, డెబ్బైకి తగ్గకూడదు. ఇంకాస్త తగ్గితే పిల్ల స్పృహ తప్పుతుంది, ఆ పైన ఏమవుతుందో అనుకోవడానికే భయం.

"ఎందుకు చెప్పలేవే" అని అరిచాను. అది పొట్లాలు చూపించి తల అడ్డంగా ఊపింది. కళ్ల నిండా నీళ్లు, నోరు మాత్రం తెరవదు. గ్లూకోజు పొడి తిండి కాదనుకుందో ఏమో, నోటి దగ్గర పెట్టినా తెరవదు.

ముందు సీట్లోంచి అత్తమ్మ లేచి వచ్చింది. దాని వేళ్లు ఒక్కొక్కటే విడదీసి పొట్లాలు లాక్కుని సీటు మీద పడేసింది. "నోరు తెరువు తల్లీ. మందు మన్నువడ, నోరు తెరువు" అంటూ తానే గ్లూకోజు వేసింది.

పావుగంటకు సహస్ర ముఖంలోకి రంగు వచ్చింది. మొదటి మాట, "నేనైతే మాట్లాడలే మమ్మీ. నాయనమ్మనే మాట్లాడింది. మందు బలం పోదు గద? సూదులు బందైతయి గద?"

మూడేళ్లుగా నేను ఊరినీ, అత్తమ్మనూ, వైద్యులనూ తిట్టుకున్నాను. అందరికన్నా ఎక్కువ ఆశ పెట్టుకున్నది ఈ పిల్లేనని ఒక్కనాడూ అనుకోలేదు. దగ్గరకు తీసుకుని, "బందు కావు బిడ్డా" అన్నాను. అది నా ఒళ్లో ముఖం పెట్టుకుని ఏడ్చింది.

ఆ వైద్యుడి దగ్గరకు పోవాలనుకునేవాళ్లు పోండి, వద్దంటే వినేవాళ్లు ఎవరున్నారు? తొందరగా పోతే టోకెను ముందు దొరుకుతుంది, సూదులు మానకండి, గ్లూకోజు మరవకండి. పిల్లల నోరు మాత్రం కట్టకండి.

జహీరాబాద్‌లో దిగాం. కండక్టరు కిటికీలోంచి మోదుగాకు పొట్లాలు ఊపుతూ పిలిచాడు. "పెద్దమ్మా, ఇవి మర్సిపోయిన్రు."

అత్తమ్మ సహస్ర చేయి పట్టుకుని, వెనక్కి తిరక్కుండానే చెప్పింది. "మావి కావయ్యా."