గొంగడి కప్పుకున్న ఎండ్రికాయ

మొన్న సూర్యాపేటలోని నా దుకాణంలో కాలిపోయిన బోరు మోటారొకటి విప్పదీసుకుని, కొత్త రాగితీగ చుట్టడం మొదలుపెట్టానో లేదో, ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. చాలా ఏళ్ళ కిందట అండమాన్ సముద్రంలో నాతో జంటగా నీళ్ళలోకి దిగిన బెంగాలీ మిత్రుడు పంపాడు. మనం కొలిచిన గోడే ఇది అని కింద ఒక ముక్క రాశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. రంగురంగుల పగడపు దిబ్బ ఉండాల్సిన చోట, సున్నం కొట్టి వదిలేసిన పాడు గోడలాంటిది కనిపించింది. నీళ్ళు వేడెక్కి పగడాలన్నీ తెల్లబడి చచ్చిపోయాయట. చేతిలో తీగ పక్కన పెట్టి, ఈ సంగతి అక్కకు చెప్పాలనుకుని లేచి నిలబడ్డాను కూడా. అక్క పోయి ఏడాది దాటిందన్న మాట నిలబడ్డాక గుర్తుకొచ్చింది.

ఈ ఊళ్ళో నా మాట నమ్మేవాళ్ళు ఎవరూ లేరు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. చిన్నప్పుడు సాగర్ ఎడమ కాలువలో మొసలి వీపెక్కి మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా టిక్కెట్టు లేకుండా పోయొచ్చానని చెప్పినవాణ్ణి, అదీ ఒకసారి కాదు, చెప్పిన ప్రతిసారీ మొసలిని ఒక మూరెడు పెంచుతూ చెప్పినవాణ్ణి. అలాంటివాడు కోదాడలో డిగ్రీ అయ్యాక అండమాన్‌లో సముద్రం అడుగున రాళ్ళకు అంటుకుని బతికే స్పాంజీలనే జీవాలను పరిశీలించే ఉద్యోగం దొరికిందంటే ఎవరు మాత్రం నమ్ముతారు? కానీ అది నిజం. కాలువ ఈత, జంతుశాస్త్రం డిగ్రీ, రెండూ ఉన్న కుర్రాడు కావాలన్నారు, మూడేళ్ళ తాత్కాలిక కొలువు. మన ఈడు వాళ్ళకు తెలుసు, ఆ రోజుల్లో ఇంటికి ఒక మాట చెప్పాలంటే ఎస్టీడీ బూత్ ముందు ఎంతసేపు నిలబడాల్సి వచ్చేదో. నేను అక్కడ నిలబడి, అద్దాల గదిలోంచి అక్కకు సముద్రాన్ని వర్ణించేవాణ్ణి, ఆమె అవతల అత్తగారి ఊరు మోతెలో ఎవరింటి ఫోను దగ్గరో నిలబడి, ఊఁ ఊఁ అంటూ ఒక్క ముక్కా నమ్మకుండా వినేది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. దిబ్బ మీద టేపు పరిచి, దాని పొడవునా మెల్లగా ఈదుతూ, కనిపించిన ప్రతి స్పాంజి రంగు, ఆకారం, మెత్తనిదో గట్టిదో పలక మీద రాసుకుని, చిన్న ముక్క కోసి స్పిరిట్ సీసాలో వేయాలి. రంగు ముందే రాసుకోవాలి, ఎందుకంటే స్పిరిట్లో పడ్డాక నారింజదైనా నీలిదైనా అన్నీ ఒకే మట్టిరంగుకు వచ్చేస్తాయి. ఆ సంగతి తెలిసీ, మిరప కల్లంలా ఎర్రగా మెరిసిన ఒక స్పాంజి ముక్కను, మాకు పని నేర్పిన సారు అనుమతితో సీసాలో పెట్టి అక్కకు తెచ్చాను. ఆమె సీసాను వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, "గీ బీరపీచు కోసమా సముద్రాలు దాటి పోయినవ్?" అంది. బావ వారం పాటు నవ్వాడు. సీసా మాత్రం ఆమె పారేయలేదు, బియ్యం డబ్బా పక్కన పెట్టుకుంది.

ఎన్నో ఏళ్ళ తర్వాత అక్కకు మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు సూర్యాపేట దవాఖానకు తీసుకొచ్చి, యంత్రం పక్కన పడుకోబెట్టి నెత్తురు వడకట్టించాలి. నేనే మోతె పోయి కారులో తెచ్చేవాణ్ణి. కొన్ని నెలలకు ఆమె విసిగిపోయింది.

"ఇగ నేను రాను తమ్మీ. నా నెత్తురు అది తాగుడు, మల్ల కక్కుడు, నేను పండుకొని సూసుడు. నాతోటి గాదు."

రావడం మానేస్తే ఆమె ఎన్నాళ్ళో ఉండదని డాక్టరు ఆమె ముందే చెప్పాడు. ఆమె సరేనంది. బావ బయటికి పోయి తలుపు చాటున నిలబడ్డాడు. నాకు వేరే విద్య ఏదీ రాదు గనక, నువ్వు రా, పోయిన ప్రతిసారీ ఒక కథ చెప్తానన్నాను.

"మొసలెక్కినోని కతలు నాకెందుకు? ఆ బీరపీచు సంగతి జెప్పు. ఒకపారికి ఒక్కటే. గని ఒక్క అబద్ధం కలిపినవనుకో, సూదులు పీకి ఇంటికి పోత."

అలా మొదలైంది. మొదట నీళ్ళు పట్టుకునే గోలెమంత స్పాంజి గురించి చెప్పాను. అందులో ఒక రాత్రి నిద్రపోయానని వెనకటికి నేను చెప్పింది ఆమె మరిచిపోలేదు, తలకాయ మాత్రమే పట్టిందని నాచేత ఒప్పించాక గానీ వదల్లేదు. తర్వాత లోతులో నల్లగా ఉండి, టార్చి వేయగానే నెత్తురులా ఎర్రబడేదాని గురించి చెప్పాను. స్పాంజి ముక్కను కత్తిరించుకుని వీపు మీద కప్పుకుని తిరిగే ఎండ్రికాయ గురించి చెప్పినప్పుడు పక్క మంచం మీది తండా పెద్దాయన లేచి కూర్చున్నాడు.

"ఏందయ్యా, ఎండ్రికాయ గొంగడి కప్పుకుంటదా? మా తండల మనుషులకే సరిపోను గొంగళ్ళు లేవు."

"ఆగు పెద్దాయనా," అంది అక్క. "కలిపేటప్పుడు వాడు చెవి గోక్కుంటడు. ఇప్పుడు గోక్కోలె. ఉన్నట్టే ఉంది ఎండ్రికాయ."

నా జీవితంలో నన్ను నమ్మినవాళ్ళు దొరికిన రోజు అదే. నా చెవి సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది.

పగడానికి బెజ్జాలు పెట్టి లోపలి నుంచి మెల్లగా తొలుచుకుపోయే స్పాంజి గురించి విన్న రోజు మాత్రం, "అది దొల్సేటప్పుడు పగడానికి ఎరుకైతదారా?" అని అడిగి, నాకు తెలియదంటే, ఆ పూటంతా కిటికీ వైపు తిరిగి పడుకుంది.

నిజాలు ఎన్ని ఉంటాయి? అబద్ధాలైతే నూరేళ్ళు చెప్పగలను గానీ, నాకు చెప్పదగినంత గుర్తున్న స్పాంజీలు ఎండాకాలం చివరికి అయిపోయాయి. ఆఖరి నిజం, మా సారు చేసి చూపించినది. బతికున్న స్పాంజిని సన్నని గుడ్డలో పెట్టి పిండి, గిన్నెలోని సముద్రపు నీళ్ళలోకి వడకట్టాడు. నీళ్ళు ఎర్రగా మసకబారాయి తప్ప అందులో ఏమీ కనిపించలేదు. మర్నాడు చూస్తే ఆ మసక అంతా ఒకదాన్నొకటి వెతుక్కుని, చిన్న చిన్న ఉండలుగా మళ్ళీ కూడుతోంది.

"మల్ల ఒక్కటైతదా?" అంది అక్క.

"అయితది. నా కండ్లతోటి చూసిన."

ఆమె యంత్రం వైపు చూసింది. "నన్ను గుడ వడపోస్తుండ్రు గద" అని నవ్వింది. ఆమె అలా నవ్వి చాలా రోజులైంది.

ఆ తర్వాతి సారికి నా దగ్గర ఏమీ లేదు. రాననేస్తుందేమోనన్న భయంతో, వాన వచ్చే ముందు రోజు నీళ్ళలో పాట పాడే పసుపు స్పాంజిని ఒకదాన్ని పుట్టించాను. ఎంతో జాగ్రత్తగా, మొసలి తోక కూడా లేకుండా చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుని చివరిదాకా వింది.

"చెయ్యి జేబుల ఎందుకు వెట్టినవ్?"

జేబులోంచి చెయ్యి మెల్లగా బయటికి తీశాను.

"అయిపోయినయన్నట్టు" అంది.

అవునన్నాను. కారులో మోతె తీసుకుపోయాను. ఇంటి ముందు దిగేటప్పుడు ఆమె మళ్ళీ రమ్మనలేదు, వద్దనలేదు. ఆ తర్వాత దవాఖానకు పోవలసిన రోజున మోతె దారి పొడవునా, బావకు ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ పోయాను. అక్క గడప మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఇయ్యాల్టి సంది నేను జెప్త. తప్పు పోతె సూడు."

గోలెం స్పాంజి నుంచి మొదలుపెట్టింది. పోయిన ప్రతిసారీ ఒకటి, నేను చెప్పిన వరసలోనే. సముద్రమే చూడని మనిషి, టార్చి ఏ వైపు నుంచి వేయాలో కూడా చెప్పింది. కొత్తగా వచ్చి సూదులు చూసి వణికే ఆడవాళ్ళు ఆమె మంచం వైపు తిరిగి పడుకునేవాళ్ళు. ఎండ్రికాయ వంతు వచ్చినప్పుడు తండా పెద్దాయన, గొంగడి ఊలుదా, నూలుదా అని అడిగాడు. వాని అవ్వ నేసిచ్చిందట అని అక్క జవాబు చెప్పి, నా వైపు చూడకుండా చెవి గోక్కుంది. వార్డంతా నవ్వింది.

వానలు ముదిరాక జ్వరం వచ్చింది. రెండు రోజుల్లో అక్క పోయింది. అన్నీ చెప్పింది, ఆఖరిది తప్ప. గుడ్డలో వడకట్టినా మళ్ళీ కూడేది, ఆ ఒక్కటి ఆమె వంతుకు రాకుండానే మిగిలిపోయింది.

తండా పెద్దాయన మంచం మీద ఇప్పుడు ఇంకెవరో ఉన్నారట. సీసా నా దుకాణంలో తీగచుట్టల పక్కన ఉంది, లోపలి ముక్క బీరపీచులానే ఉంది, అది ఎంత ఎర్రగా ఉండేదో చెప్పడానికి సముద్రంలో ఆ పగడాల గోడా లేదు, అక్కా లేదు, నా మాట మిగిలింది. ఆ మాట విలువెంతో మీకు తెలుసు. మొసలి ఈ మధ్య కోదాడ దాటి ఖమ్మం దాకా పోతోంది, వినేవాళ్ళు నవ్వి చాయ్ తాగి లేచిపోతారు, ఇది ఉత్తదే అని ఆపేవాళ్ళు లేరు. అబద్ధాన్ని ఆపే మనిషి ఉన్నన్నాళ్ళే నిజానికి కూడా ఒక చోటు ఉంటుందని నాకు ఇంత ఆలస్యంగా తెలిసింది. అప్పుడప్పుడు దుకాణం మూసే ముందు, ఎవరూ లేనప్పుడు, ఆ ఆఖరి స్పాంజి సంగతి ఆమె బదులు నేనే మెల్లగా చెప్పుకుంటాను. రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని చెప్తాను.