గాలి వదిలిన చోటు

మా ఫిజిక్స్ మేడమ్ పోయారన్న కబురు నాకు ఆఫీసు మీటింగు మధ్యలో వచ్చింది. లాప్‌టాప్‌లో హైదరాబాదు వాళ్లు ఏదో మాట్లాడుతున్నారు. కెమెరా ఆపేసి, గిద్దలూరులో మా ఇంటి పైగదిలో ఒక్కదాన్నే ఏడ్చాను. ఆ గదిలోంచి నన్ను బయటికి పంపాలని చూసిన మనిషి ఆమె ఒక్కరే.

హైస్కూల్లో మాకు విమానం రెక్కను పరిచయం చేసింది ఆమే. అట్టపెట్టెకు ఒక పక్క అద్దం, ఒక చివర గాలి తిన్నగా రావడానికి మేము తాగి పారేస్తే ఆమె కడిగి దాచిన కూల్‌డ్రింక్ స్ట్రాలు, రెండో చివర గాలిని లాగే ఫ్యాను, నడుమ థర్మాకోల్ రెక్క. అగరొత్తి వెలిగిస్తే పొగ రెక్కను అంటుకుని పాకేది. రెక్క ముందు అంచు మరీ పైకెత్తితే విడిపోయి సుడులు తిరిగేది. "గాలి ఎక్కడ వదిలింది? వేలు పెట్టి చూపించండి" అనేవారు.

గాలి అలా రెక్కను వదిలేయడాన్ని స్టాల్ అంటారని చెబితే, "టీ స్టాలా మేడమ్?" అని నవ్వాం. ఆమె కూడా నవ్వారు.

"టీ స్టాల్ కాడ ఆగుతారు. విమానం ఆగదు. ముందుకు పోతానే ఉంటది, లేవలేదంతే."

విమానమంటే పైలట్ ఒక్కడే కాదనీ, రెక్క గీసేవాళ్లూ, ఇంజిన్ను పరీక్షించేవాళ్లూ, ఉపగ్రహానికి ఎండ దెబ్బ తగలకుండా పొర చుట్టేవాళ్లూ ఉంటారనీ ఆమె చెప్పాకే తెలిసింది. "ఎవరో ఒకరు చేసే పనే కదమ్మా, ఆ ఒకరు మీరెందుకు కాకూడదు?" అనేవారు.

ఇంటర్ అయ్యాక నాకు చెన్నైలో ఏరోస్పేస్ సీటొచ్చింది. నాయన ఒప్పుకోలేదు. మేడమ్ ఎండలో మా ఇంటికి వచ్చారు.

"ఏరో అంటే ఎయిర్ హోస్టెసే కదా మేడమ్? మన పిల్లకెందుకు అట్లాంటివి?" అన్నాడు నాయన.

"కాదన్నా, ఇంజినీరు."

"ఇంజినీరే అయితే మార్కాపురంలో కంప్యూటర్లు చదివితే పోలా? పొద్దున బస్సుకు పోయి సాయంత్రానికి ఇంటికొస్తది."

గేటు దగ్గర నేను ఏడుస్తుంటే మేడమ్ నా భుజం పట్టుకున్నారు. "స్టాల్ అయినప్పుడు పైలట్ విమానం ముక్కు దించుతాడు. పంతానికి ఇంకా పైకి లాగితే పడిపోతాడు. ఇప్పటికి దించు తల్లీ. వేగం వచ్చినాక లేద్దువు."

దించాను. కంప్యూటర్లే చదివాను, ఉద్యోగం ఇంటికే వచ్చింది. పిల్ల కళ్లెదుటే ఉందని నాయన సంబరం. మేడమ్ ఎక్కడ కనిపించినా "వేగం వచ్చిందా?" అని అడిగేవారు. "వస్తా ఉంది మేడమ్" అనేదాన్ని. ఆమె మీద నాకు కోపం కూడా ఉంది. దించమన్న మనిషి, ఎప్పుడు లేపాలో చెప్పకుండానే వెళ్లిపోయారు. కానీ ఆమే లేకపోతే ఈ గది ఇరుకని కూడా నాకు తెలిసేది కాదు. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

చివరి చూపుకు నాయనే బండి మీద తీసుకెళ్లాడు. మేడమ్‌ను ఫ్రీజర్ పెట్టెలో పడుకోబెట్టారు. తలవైపు అగరొత్తులు, వాటి వెనక టేబుల్ ఫ్యాను. పొగ ఆ పెట్టె అద్దం మీదికెక్కి, దాన్ని అంటుకుని కొంత దూరం పాకి, విడిపోయి సుడులు తిరిగింది. నాకు తెలియకుండానే అక్కడ వేలు పెట్టాను.

"ఏంది పాపా, అట్ల చూపిస్తున్నావు?" అన్నాడు నాయన.

"గాలి ఇక్కడ వదిలింది నాయనా."

ఆయన నా వేలి వైపు చూశాడు. ఆయనకు అక్కడ అద్దమే కనిపించింది. "పోదాం పా, పొద్దుగుంకుతా ఉంది" అని జేబులోంచి బండి తాళాలు తీశాడు.

నేను వేలు తీయలేదు.