ఇంజనుకు పౌడరు పూసిన వారం

ఆ రోజుల్లో, కెమిస్ట్రీలో డిగ్రీ ఉన్న మనిషికి అర్థం కాని విషయం లోకంలో ఉండదని నమ్మేవాణ్ణి. (నమ్మింది నేనొక్కణ్ణే. నాకు డిగ్రీ ఇచ్చిన కాలేజీ కూడా నమ్మలేదు.) అప్పట్లో నాకున్న ఆస్తులు మూడు: డిగ్రీ, ఉద్యోగం, మోటార్‌సైకిల్. వాటిలో డిగ్రీ ఒక్కటే నాది. ఉద్యోగం కాంట్రాక్టుది, బండి మా బావది. ఉద్యోగమంటే మరేం లేదు, భద్రాచలం దాటి పర్ణశాల వైపు అడవి అంచు ఊళ్లు తిరగడం, చేలల్లో మట్టి తవ్వడం, సంచుల్లో కట్టి పరీక్షకు పంపడం. అందుకే ఆ చుట్టుపక్కల నన్ను ‘మట్టి సారు’ అనేవాళ్లు. నేను తిరిగేవన్నీ బస్సు మొహం చూడని ఊళ్లు. బండి లేని రోజున ఉద్యోగమూ లేదు.

తల్లాడలో ఉండే మా బావ ఆ బండిని తన మొదటి ఉద్యోగంలో కొనుక్కున్నాడు. మా అక్కను చూడ్డానికి దాని మీదే వచ్చాడు. (అక్క ముందు బండిని చూసి సరేనందని, మనిషిని తర్వాత చూసిందని ఇంట్లో ఇప్పటికీ అంటారు.) తాళం నా చేతిలో పెడుతూ, ట్యాంకును ఎద్దు వీపు నిమిరినట్టు నిమిరి, “బామ్మర్దీ, పెట్రోలు అయిపోతే ఆగుతది, అంతే. ఆయిలు అయిపోతే సస్తది. యాదుంచుకో” అన్నాడు. ఆయన గొంతులో అంత తడి నేను అక్క అప్పగింతల నాడు కూడా చూడలేదు.

నేను కిరాయికి దిగిన గది ఒక పెద్దాయన ఇంట్లోది. ఊరంతా ఆయన్ని పెద్దయ్య అనేది, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఎండాకాలం తునికాకు, ఇప్పపువ్వు, మిగతా కాలం తేనె, రెండెకరాల వ్యవసాయం. ఇల్లంతా కర్ర మీదే నిలబడింది కాబట్టి ఆయనకు లోకంలో ఒకే ఒక శత్రువు, చెదపురుగు. నేను మొదటిసారి వాకిట్లో బండి ఆయిలు మార్చినప్పుడు దిగిన నల్లటి నూనెను చూసి, “పారబోస్తవా సారూ? గుంజలకు పూస్తే చెద రాదు” అన్నాడు. ఇచ్చేశాను. ఒక డబ్బా కాలిన నూనె దానం చేసిన ఊపులో ఇంకేదో గొప్ప మాట కూడా అన్నాను. ఏమన్నానో అనగానే మరిచిపోయాను. మరునాటి నుంచి పెద్దయ్య పొద్దున్నే దర్వాజకూ గుంజలకూ నూనె పూస్తూ కనబడేవాడు. దర్వాజ నల్లగా నిగనిగలాడుతుంటే, “మంచిగైంది పెద్దయ్యా” అని రోజూ మెచ్చుకుని మరీ పనికి బయల్దేరేవాణ్ణి.

మూడు వారాల తర్వాత, ఆయిలు కొలిచే పుల్ల బయటికి లాగి చూద్దును కదా, నూనె కింది గీత దగ్గరుంది. పోశాను. వారం తిరిగేసరికి మళ్లీ టీ గ్లాసుడు తగ్గింది. చదువుకున్నవాణ్ణి కనుక భయపడకుండా నోటుబుక్కు పెట్టాను. ఏ రోజు ఎంత దూరం, ఎన్ని గుట్టలు ఎక్కింది, నూనె ఎంత తగ్గింది, అంతా గీతలు గీసి రాశాను. లెక్క ప్రకారం బండి సోమవారాలు ఎక్కువ తాగుతోంది. గుట్టలెక్కిన బుధవారం చుక్క ముట్టలేదు. అసలు కదలని ఆదివారం మాత్రం తాగింది. మూడు రోజులు వరసగా ఉపవాసం కూడా చేసింది. ఇంత నియమనిష్ఠలున్న ఇంజన్ని సైన్సు అంతకుముందు చూసి ఉండదు.

భద్రాచలం రోడ్డులో ఒక మెకానిక్కు ఉండేవాడు. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు, పిడి చెవికి ఆనించి రోగం చెప్పేవాడు కనుక అతన్ని అందరూ ‘డాక్టరన్న’ అనేవాళ్లు. విన్నాడు. సైలెన్సరు దగ్గర తెల్లగుడ్డ పట్టి చూశాడు. నూనె మండితే వచ్చే నీలం పొగ లేదు. రాత్రంతా బండి కింద అట్టముక్క పరిచి ఉంచమన్నాడు. ఉంచాను, మరక లేదు. మళ్లీ విన్నాడు. ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

“లోపల అంతా మంచిగనే ఉంది తమ్మీ. గదే నాకు భయమైతుంది.”

ఇక నేను చేయకూడని పని చేశాను. బావకు ఫోన్ చేసి, పెళ్లికొడుకు అలవాట్లు వాకబు చేసినట్టు, “బావా, ఇది ఇంతకుముందు ఏమన్నా తాగేదా?” అని అడిగాను.

అవతల బావ గొంతు లేచింది. “నా బండి సుక్క ముట్టదు. ఏం జేసినవ్ర దాన్ని? వచ్చే ఆదివారం మీ అక్క, నేను పర్ణశాలకు వస్తున్నం. జూస్త. నిజంగ తాగుతుందంటే తీస్కపోత.”

అంటే ఆదివారంతో బండి పోతుంది, బండితో ఉద్యోగం పోతుంది. మిగిలేది డిగ్రీ. దాని మైలేజీ నాకు ముందే తెలుసు.

డాక్టరన్న దగ్గర ఒక్క పరీక్షే మిగిలింది. “ఇంజన్ను కిరసనాయిలుతోటి కడిగి, ఆరినంక ముఖానికేసుకునే పౌడరు సల్లు. ఇరవై కిలోమీటర్లు తిరిగి రా. యాడ తడిస్తె ఆడ లీకు. యాడా తడవకుంటె మాత్రం ఇంజన్ దించి ఇప్పాలె.” శనివారం కిరాణా కొట్టుకు పోయి పౌడరు డబ్బా అడిగితే, కొట్టు నడిపే అక్క, “ఏంది సారూ, పిల్లను జూడ పోతున్నవా?” అంది. ఇంజనుకని చెప్పాను. ఆమె నన్ను కాసేపు చూసి, జాలిపడి, పెద్ద డబ్బా ఇచ్చింది.

పౌడరేసిన బండి మీద పర్ణశాల దాకా పోయి వచ్చాను. దారి పొడవునా మల్లెపూల వాసన. ఒక ఆటో నిండా యాత్రికులు తలలు బయటపెట్టి చూశారు. తిరిగొచ్చి చూస్తే ఇంజన్ పైమూత అంచున గోరంత తడి. డాక్టరన్న వంగి చూసి పెదవి విరిచాడు. “గిది చెమట. గింత చెమటకు గ్లాసెడు నూనె పోదు తమ్మీ. సోమవారం దించుదాం.” సోమవారం నాటికి బండి తల్లాడలో ఉంటుందని అతనితో అనలేక, దాన్ని అలాగే తెల్లగా వాకిట్లో నిలబెట్టి పడుకున్నాను.

ఆదివారం తెల్లవారి లేచి బండి దగ్గరికి పోయాను. ఆయిలు పోసే మూత చుట్టూ పౌడరు మీద వేళ్ల అచ్చులు. నాలుగు వేళ్లు, ఒక బొటనవేలు. అంత పెద్ద బొటనవేలు ఆ ఊళ్లో ఒక్కరికే ఉంది. మూత దగ్గర్నుంచి నేల మీద నల్లటి చుక్కలు వరసగా పోయాయి. వాటి వెంబడి పోయాను. అవి దర్వాజ దగ్గర ఆగాయి. దర్వాజ మీద తెల్లటి వేలిముద్ర ఉంది. కింద పెద్దయ్య గొంతుకూర్చుని, ఇంజన్ మూతలో దూరేంత సన్నటి పుల్లకు గుడ్డ చుట్టి, దాంతో శ్రద్ధగా నూనె పూస్తున్నాడు.

“పెద్దయ్యా... ఆ నూనె యాడిది?”

“నీ బండిదే సారూ.” దాచుకోవాల్సిన సంగతని ఆయనకు తోచనే లేదు. “నువ్వే గద చెప్పినవ్. ‘ఈ బండి నూనె ఇగ నీదే అనుకో పెద్దయ్యా, ఎప్పుడు గావాల్నంటే అప్పుడు తీస్కో’ అని.”

అన్నాను. నా గొప్ప మాట అదే. అక్షరం పొల్లు పోకుండా తిరిగొచ్చింది.

“అది కాలిన నూనె గురించి అన్న పెద్దయ్యా!”

“ఇది నల్లగనే ఉంది గద సారూ?”

కెమిస్ట్రీ వెతికాను. నలుపులో రకాలున్నాయని అందులో ఎక్కడా రాయలేదు.

నా ముఖం చూసి ఆయనే ధైర్యం చెప్పాడు. “మొత్తం తియ్యలే బిడ్డా. తేనె తీసినా తుట్టె ఉంచి తీస్తం. పుల్ల మీద గీతకు దిగితే మూడొద్దులు ముట్టకుంట ఇడిసిపెట్టిన. మల్ల నువ్వు పోస్తుంటివి. అడగకున్నా నా కోసం పోస్తుండు, మంచి పిల్లగాడని ఊరంత జెప్పిన.” ఇంతలో ఏదో గుర్తొచ్చి నిఖార్సయిన ఆశ్చర్యంతో అడిగాడు. “ఇయ్యాల ఏంది సారూ, బండికి పౌడరేసినవ్?”

మొదటి డబ్బా నూనె నెలన్నర పాటు ఎలా వచ్చిందని, రోజూ ఆ దర్వాజను మెచ్చుకున్న నాకు ఒక్కసారీ అనుమానం రాలేదు. నా నోటుబుక్కులో ఉన్నది ఇంజన్ చరిత్ర కాదు, పెద్దయ్య తీరిక వేళల పట్టిక. పైగా నాకంటే ఆయనే పుల్లను క్రమం తప్పకుండా చూస్తున్నాడు.

పది గంటలకు బావ, అక్క దిగారు. అప్పటికే నూనె నింపి, పౌడరు తుడిచి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాను. బావ పుల్ల లాగి చూశాడు, పొగ చూశాడు, వంగి కింద చూశాడు. నిటారుగా లేచి, “మరి ఫోన్ల ఏందిర ఆ ఏడుపు?” అన్నాడు. నేను నోరు తెరిచేలోగా పెద్దయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి, “నీదేనా అయ్యా బండి? మస్తు నూనె. ఒక్క చెద రాలే” అని మొత్తం కథ సంతోషంగా చెప్పేశాడు. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. బావ మెల్లగా దర్వాజ దగ్గరికి నడిచాడు. వేలితో తాకాడు. వాసన చూశాడు. “నాదే,” అన్నాడు, పోలీసు స్టేషన్లో పోయిన వస్తువును గుర్తుపట్టిన మనిషిలా. తర్వాత కణతలు నొక్కుకుంటూ అరుగు మీద కూర్చున్నాడు. లేచి, దర్వాజను పిడికిలితో కొట్టి చూశాడు. ఖంగుమంది.

“మన ఇంటి దర్వాజలకు ఎన్ని మందులు గొట్టినా ఇట్ల లేదే,” అన్నాడు అక్కతో, చిన్న గొంతుతో.

బండి నా దగ్గరే ఉండిపోయింది, ఉద్యోగమూ. డాక్టరన్న దగ్గర్నుంచి నెలకో డబ్బా కాలిన నూనె తెచ్చి పెద్దయ్యకు ఇవ్వాలన్నది బావ షరతు. ఆయన ఆ నూనె వాసన చూసి, “నీ బండిదంత చిక్కగ లేదు సారూ” అని, నా మనసు నొప్పించకూడదని పుచ్చుకున్నాడు.

ఇప్పుడు నా దగ్గర కరెంటు స్కూటరుంది. మొన్న దాని మీద ఆ ఊరు పోతే, చూపు మందగించిన పెద్దయ్య చేత్తో తడిమి, మూత కోసం వెతికాడు. దీనికి నూనె ఉండదని చెప్పాను. “అయ్యో” అని, ఉద్యోగం పోయినవాణ్ణి పలకరించినట్టు నా భుజం తట్టాడు. తిరిగి భద్రాచలం పోయి డాక్టరన్నను ఒక డబ్బా కాలిన నూనె అడిగాను. అతను స్కూటరును చూశాడు, నన్ను చూశాడు, చేతిలోని స్క్రూడ్రైవరు మొన ఎవరికి ఆనించాలో తెలియక అటూ ఇటూ తిప్పాడు. “దర్వాజకు అన్నా,” అన్నాను. ఇరవై రెండేళ్ల కుర్రాడిగా నేను ఊపులో అన్న మాట, చూడండి, ఇంకా చెల్లుబాటులోనే ఉంది.