పిస్టన్లు లేని ఇంజను

గ్లకోమా ముదిరింది, పక్కచూపు పోతోంది, ఇంకొన్నాళ్ళకు బండి నడపడం మానెయ్యాలి, సిద్ధంగా ఉండండి అని డాక్టరు చెప్పిన నెలలోనే మా ఆయన ఆ కారు కొనుక్కొచ్చారు. ఇంకెవరైనా అయితే చుక్కల మందు కొనుక్కుని ఇంట్లో కూర్చునేవారు. ఈయన ఒక ముసలి జపాన్ స్పోర్ట్స్ కారును లారీ మీద వేయించుకుని వచ్చారు. రెండే సీట్లు, ఆ రెండూ ఎలుకలు కొట్టేసినవే. ఇంజను అసలు లేదు. మిలిటరీలో చేసిన మా మామగారు సైనిక్‌పురిలో ఎంతో ముచ్చటపడి కట్టించుకున్న పోర్టికోలో దాన్ని దింపించి, నా స్కూటరును వానలోకి తోశారు.

"చూపు ఉన్నప్పుడే ఒక్కసారి అసలైన బండి నడపాలె. అంతే నాకు," అన్నారు.

 ఆ మాట విన్నాక కూడా నాకు ఒళ్ళు మండింది.

అందులో పెట్టాలనుకున్నది రోటరీ ఇంజను. దానికి పిస్టన్లుండవు. డబ్బాలాంటి గదిలో మూడు మూలల ఇనప దిమ్మె గుండ్రంగా తిరుగుతుంది. పైగా టర్బో. అంటే పొగగొట్టంలోకి పోయే వేడిగాలితోనే ఒక చక్రం తిప్పించి, దాంతో ఇంజనులోకి ఇంకా గాలిని కూరడం. నేను బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. ఇవన్నీ తెలుసుకోవాలని నాకు ఏ కోశానా లేదు. అన్నం దగ్గర విని విని వచ్చేశాయి.

బిగించడానికి చిలకలగూడ నుంచి ఒక మెకానిక్ వచ్చేవాడు. నోరు గల మనిషి. తనకు తెలియని బండి సికింద్రాబాదులో లేదనేవాడు. బయటి నుంచి తెప్పించిన ఇంజను పెట్టె విప్పిన రోజు మాత్రం చుట్టూ తిరిగి చూసి, "ఏంది సార్, గింతే ఉన్నది? సగం ఆడనే మర్చిపోయి తెచ్చిన్రా?" అన్నాడు.

చిన్నది కదా, ఇట్టే కూర్చుంది. కూర్చున్నాక ఏదీ దేనికీ కలవలేదు. గేరు రాడ్డు ఉండాల్సిన కన్నానికి జానెడు వెనక పైకి లేచింది. కారు అడుగు రేకు కోశారు. టర్బో గొట్టం తగిలి బానెట్ మూతపడలేదు. బానెట్ కోశారు. టర్బో వేడికి బ్రేకు పైపు కాలిపోతుందని భయం పట్టుకుంది. నా అప్పడాల డబ్బా స్టీలు మూత కనబడకుండా పోయి, వారం తర్వాత ఆ రెండింటి మధ్యా అడ్డంగా బిగించి కనబడింది. అడిగితే, "మంచి మందం ఉన్నది మేడం," అన్నాడు మెకానిక్. ఇంజను మార్పుకు ఆఫీసుల చుట్టూ తిరిగిన కాగితాల సంగతి వేరే రామాయణం. ఏడాదిన్నర గడిచింది. ఇల్లంతా పెట్రోలు వాసన, మనిషి వచ్చినప్పుడల్లా టీలు, నెలకోసారి మా చిన్న కారులో కంటి ఆసుపత్రికి నా డ్రైవింగు. చిరాకు పడే ఓపిక కూడా అయిపోయింది.

ఈ లోపల ఆయనకు కుడిపక్కన పెట్టిన పానా కనబడడం మానేసింది. తడుముకునేవారు. మొదట్లో చూసీ చూడనట్టు ఊరుకున్నాను. తర్వాత వంటింట్లోంచి వచ్చి పానా చేతిలో పెట్టి వెళ్ళేదాన్ని. ఆయన అందుకుని పని కానిచ్చేవారు.

ఆ ఇంజనుకు ఒక పట్టింపు ఉంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేసి వెంటనే ఆపకూడదు. లోపల పెట్రోలు నిలిచి, ప్లగ్గులు తడిసి, మళ్ళీ లేవనంటుంది. ఒకసారి లేపితే వేడెక్కేదాకా నడపాల్సిందే. ఈ సంగతి మా ఆయన మెకానిక్‌కు చెప్పారు, నాకు చెప్పారు, పాలవాడికి కూడా చెప్పారు.

దసరాకు బండి సిద్ధమైంది. ఆయుధపూజ నాడు స్టార్టు చేసి, కాప్రా చెరువు దాకా వెళ్ళి రావాలని ఆయన ఆశ. మా అత్తగారు బానెట్‌కు పసుపు, కుంకుమ పెట్టి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టించింది. ఆయన తాళం తిప్పారు. పేలాలు వేయిస్తున్నట్టు పటపటలాడుతూ లేచింది. తెల్లటి పొగ పోర్టికో అంతా కమ్ముకుంది. బండి రెండడుగులు కదిలి నిమ్మకాయలు చితికాయి. మెకానిక్ ఈలవేశాడు. అప్పుడు మా అత్తగారు హారతి పళ్ళెంతో బండికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆపు కొడుకా. గీ పొగల హారతెట్ల ఇస్త? బండి ఆపి, దిగి దండం పెట్టుకో."

ఆయన ఆపేశారు.

తల్లి ఆపమంటే ఆపడం పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు. తాళం తిప్పింది ఆ అలవాటే. నేనూ, మెకానిక్కూ నోరు తెరిచేలోపు అయిపోయింది. ఆయన దిగి దండం పెట్టుకుని, హారతి కళ్ళకద్దుకుని, మళ్ళీ కూర్చుని తాళం తిప్పారు. గిర్రుమంది తప్ప లేవలేదు.

"సార్, రోజూ మాకు చెప్పేది మీరే గద సార్," అన్నాడు మెకానిక్, ఏడవలేక.

ప్లగ్గులు తీశారు, ఆరబెట్టారు, తిప్పారు. మళ్ళీ తీశారు, మళ్ళీ తిప్పారు. సాయంత్రానికి స్టార్టర్ మోటరు కాలిన వాసన వచ్చింది. ఆ మోటరు ఇక్కడ దొరకదట, బయటి నుంచి రావాలి. అత్తగారికి బ్యాటరీ పోయిందని చెప్పాం. పండగపూట ఆవిడ మనసెందుకు కష్టపెట్టడం?

మోటరు వచ్చేలోపు కంటి పరీక్ష వచ్చింది. చీకటి గదిలో గిన్నెలాంటి దానిలో ముఖం పెట్టి, చుక్కలాంటి వెలుగు కనబడినప్పుడల్లా బటన్ నొక్కాలి. నేను తలుపు దగ్గర కూర్చుని ఆ టిక్కుటిక్కులు విన్నాను. ఒక టిక్కు తర్వాత ఇంకొకటి రావడానికి చాలాసేపు పట్టేది. ఇక నడపొద్దని డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. ఈయన వాదిస్తారనుకున్నాను. సరేనన్నారు. తిరిగి వస్తుంటే, "నిమ్మకాయల మీదికెళ్లి నడిపిన గద, అయిపాయె," అని అటు తిరిగి కూర్చున్నారు. ఎవరితోనైనా గట్టిగా పోట్లాడాలనిపించింది. పోట్లాడడానికి ఎవరూ లేరు.

కార్తీకం వెళ్ళాక మోటరు వచ్చింది. మెకానిక్ బిగించి, లోపల నూనె చుక్కలు వేసి తిప్పితే ఇంజను లేచింది. ఆయన నా చేయి పట్టుకుని డ్రైవరు తలుపు దగ్గరికి తీసుకెళ్ళారు.

"నువ్వు నడుపు."

"నా వల్ల కాదండీ. చిన్న కారే భయపడుతూ నడుపుతాను."

"మరెవరు నడుపుతరు? లేపినంక ఆపొద్దు. ఎక్కు."

ఆదివారం పొద్దున్న, రోడ్డు ఖాళీగా ఉంది. కాప్రా దాకా చిన్నగా నడిపాను. ఇంజను మోతను బట్టి గేరు ఎప్పుడు మార్చాలో ఆయన చెబుతున్నారు. చెరువు పక్కన తిన్నని రోడ్డు వచ్చేసరికి, "వేడెక్కింది. ఇగ తొక్కు," అన్నారు. తొక్కాను. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత వెనక నుంచి ఎవరో బలంగా నెట్టినట్టు కారు ముందుకు దూకింది. హడలిపోయి కాలు తీసేశాను.

"తియ్యకు. జెర ధైర్యం చెయ్, తియ్యకు."

ఆయన వైపు చూశాను. సగమే కనిపిస్తున్న రోడ్డు మీదికి తదేకంగా చూస్తున్నారు. కుడికాలు చాచి, అక్కడ లేని యాక్సిలరేటరును తొక్కుతున్నట్టు, కాళ్ళ కింది మ్యాటును బలంగా నొక్కి పట్టారు.

నాకు దుఃఖం ముంచుకొచ్చింది. మళ్ళీ తొక్కాను. ఈసారి కాలు తియ్యలేదు.