వాచీలో ఆయన నడక

మస్కట్‌లో పనిచేసే మా ఆయన, సెలవు మీద వస్తున్న ఊరి మనిషి చేతికిచ్చి నాకో వాచీ పంపాడు. అలాంటిదే ఆయన చేతికీ ఉంది. ఒకరి నడక, నిద్ర ఇంకొకరి ఫోన్‌లో గీతలుగా కనిపించేట్టు కోరుట్ల దుకాణంలో పెట్టించుకున్నాను.

మా ఇబ్రహీంపట్నం వైపు గల్ఫ్ ఇళ్లలో ఒక కట్టుబాటుంది. "దేశంగాని దేశంల ఉన్నోనికి ఫోన్‌ల ఏడ్పుమాట చెప్పొద్దు" అంటుంది మా అత్త. అక్కడివాళ్లూ అంతే. తిన్నవా అంటే తిన్న, ఎట్లున్నవ్ అంటే మంచిగనే ఉన్న. నాకు ఒళ్లు మండేది. ఇన్నేళ్ల కాపురం ఈ రెండు మాటల మీదే గడిచింది. అందుకే ఆ వాచీ గీతలంటే నాకు ప్రాణం. పొద్దున నడక గీత లేస్తే పనికి పోయాడని మనసు కుదుటపడేది.

ఈ పసుపు కాలంలో గీతలు తలకిందులయ్యాయి. పగలంతా నిద్ర, రాత్రంతా నడక. కల్లంలో కొమ్ములు ఆరబోస్తూ, చేతులు కొంగుకు తుడుచుకుంటూ, మాటిమాటికీ ఫోన్ చూశాను. డ్యూటీ మారిందా? మారితే చెప్పడా? అన్నం సహించలేదు. "గా ఫోన్‌ల ఏమన్న రాలుతున్నయానే?" అని అత్త దెప్పింది.

శుక్రవారం ఆయనే ఫోన్ చేశాడు.

"పనికి ఎప్పుడు పోతున్నవ్?" అన్నాను.

"ఎప్పటిలెక్కనే. పొద్దుగాల."

"మరి నీ వాచీ ఎవని చేతికున్నది?"

పక్కనే ఉన్న అత్త కూడా ఫోన్‌కు చెవి ఆనించింది.

"పని పోయింది. ఊకె రూంల కూసుంటే నీకు కనవడ్తదని పక్క మంచపాయనకు కట్టిన. ఆయనది నైట్ డ్యూటీ. గా సంగతి యాదికి రాలే" అన్నాడు.

ఎంత తెలివైన మనిషిని కట్టుకున్నానని నవ్వొచ్చింది. నవ్వుతూనే వెక్కి వెక్కి ఏడ్చాను. అత్త నా చేతిలోని ఫోన్ గుంజుకుంది. తిడుతుందనుకున్నాను.

"ఏడ్వు కొడుకా, ఏం గాదు. నేను గూడ ఏడుస్తున్న. గా వాచీ నువ్వే వెట్టుకో" అంది.

మరునాడు నేను ఫోన్ తీయకముందే అత్త పక్కకు వచ్చి కూర్చుంది. గీత పొట్టిగా, అగ్గిపుల్లంత ఉంది.

"గింతేనా?" అంది.

"గింతే అత్తమ్మా. కని గిది ఆయన నడిసిందే."