నీళ్లు పడని బోరుకు నేను ఒప్పుకున్న కారణం

తొమ్మిదేళ్లుగా ఒక మాట నాలో బరువై ఉంది. దాన్ని మీ ముందు పెట్టేలోగా, అలవాటు కొద్దీ, నిశ్చయంగా తెలిసినదాన్నీ విన్నదాన్నీ వేరు చేసుకోవాలి.

ముదిగుబ్బ దగ్గర ఆదెప్ప అనే రైతు చీనీ (బత్తాయి) తోటలో నేను చూపిన చోట బోరు వేస్తే నీళ్లు పడలేదు. ఇది నిశ్చయం. ఆ చోటును నిర్ణయించిన కొలతలు నా చేతిరాతలోనే ఉన్నాయి. ఇదీ నిశ్చయం. నా సహాయకుడు ఓబులేసు మరో మగవాడితో కాపురం చేస్తున్నాడన్నది విన్నమాట. అతను తొక్కిన నేలలో నీరు పడదన్నది వట్టి నమ్మకం. మొదటి రెండింటి గురించి నోరు విప్పలేదు. తక్కిన రెండింటినీ నిలవనిచ్చాను.

నేను భూగర్భజలాల శాస్త్రం చదివినవాణ్ణి. అరచేతిలో టెంకాయ పెట్టుకుని బోరు పాయింటు చూపేవాళ్లను రుజువు అడిగి, నలుగురిలో విసిగించేవాణ్ణని పేరు. మా పద్ధతి వేరు. నాలుగు ఇనుప కడ్డీలను వరుసగా నేలలో దిగ్గొట్టి, కరెంటు పంపి, నేల దాన్ని ఎంత అడ్డుకుంటుందో మీటరులో చూస్తాం. నేల బాగా ఎండి ఉంటే కడ్డీల మొదట్లో ఉప్పునీళ్లు పోయాలి. లేకపోతే మీటరు ముల్లు నిలబడదు. నిలబడని ముల్లు చూపేది కొలత కాదు.

ఓబులేసు మూడేళ్లు నా దగ్గర కడ్డీలు కొట్టాడు, తీగలు లాగాడు. భుజాల దాకా జుట్టు, ఎడమ చెవికి ఎర్రరాయి పోగు, సన్నగా దిద్దిన కనుబొమలు, నడుము కదిలే నడక. పల్లెల్లో ఎవరైనా గుచ్చి చూస్తే, "ఏమప్పా, సినిమా చూస్తాండావా? టికెట్టు తీసుకుంటివా?" అని తానే ముందు నవ్వించేవాడు. నీళ్లు పడిన పొలాల్లో ఆ నడక ఎవరికీ అడ్డు కాలేదు. ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవారు లేరు.

ఆదెప్ప తోటలో కొలతలు తీసిన రోజు ఓబులేసే హెచ్చరించాడు. "సార్, ముల్లు ఆడుతాండాది. ఉప్పునీళ్లు పోసి ఇంగోసారి చూద్దామా?" గార్లదిన్నెలో మరో రైతు ఎదురుచూస్తున్నాడు. చాల్లే, పద, అన్నాను. ముల్లు ఊగుతుండగానే మధ్యస్థంగా ఒక అంకె ఎంచి రాసుకున్నాను. ఉప్పునీళ్లు పోసి ఉంటే నీరు దొరికేదని అనను. ఈ రాతినేలలో సరైన కొలత కూడా మోసం చేయగలదు. కానీ నేను సరైన కొలత తీయలేదు.

బోరు ఆరు వందల అడుగులు దిగినా తెల్లటి దుమ్మే లేచింది. సగం చెట్లు అప్పటికే ఎండిన తోట అది. ఆదెప్ప నన్ను పక్కకు పిలిచాడు.

"తప్పనుకోవద్దు సార్. టెంకాయ కొట్టేతప్పుడు ఆ ఆడంగోడు పాయింటు మీదే నిలబడిండె. ఇద్దరు మొగోళ్లు ఒగే రూములో మొగుడూపెండ్లాల మాదిరి ఉండారంట గదా. అట్లాంటోడు తొక్కితే గంగమ్మ యాడ నిలుస్తాది?"

తప్పు నాదేనని చెప్పడానికి ఎన్ని మాటలు కావాలి? నేను వేరే మాట అన్నాను.

"ఇంగ మీద వాణ్ణి తీసుకురాను లే, ఆదెప్పన్నా."

మర్నాడు ఓబులేసుతో కొన్నాళ్లు పనులు లేవన్నాను. అతను గడప దగ్గరే నిలబడ్డాడు.

"పోగు తీసేస్తా సార్. జుట్టూ కత్తిరిచ్చుకుంటా. నడక ఒగటే నా చేతిలో లేదు. సిన్నప్పుడు మా నాయన కట్టె తీసుకొని కొట్టి కూడా చూసినాడు."

మీటరు పెట్టె తుడుస్తూ, కబురు చేస్తానన్నాను. చేయలేదు.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించనిది, ఊహించి ఉండవలసినది. "సైన్సు చదివిన సారే మానిపిచ్చినాడంటే ఊరికే మానిపిచ్చింటాడా?" అని ఒక రైతు నా ముందే అన్నాడు. అంతవరకు గాలిమాటగా ఉన్నదానికి నా చదువే రుజువైంది. ఈ పని చేసే మరెవరూ అతన్ని పెట్టుకోలేదు. అతనూ, అతనితో ఉండే టైలరూ అనంతపురంలో గది ఖాళీ చేసి వెళ్లిపోయారు. పుట్టపర్తిలో ఏదో లాడ్జీలో పనిచేస్తున్నాడని విన్నాను. వెళ్లి చూడలేదు. అన్నీ సరిచూసుకునే నేను ఆ ఒక్కటి సరిచూసుకోలేదు.

వాళ్లిద్దరూ ఒకరికొకరు ఏమవుతారో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోవలసిన పని నాకు ఏనాడూ లేదు. జనం అనుకున్నది నిజమే అయినా అందులో తప్పు లేదు, నేలలోని నీటికి దానితో సంబంధమూ లేదు. ఈ వాక్యం ఆ రోజు తోటలో నా నోట రావలసింది.

మిమ్మల్ని క్షమాపణ అడగను. ఇవ్వగలిగినవాడు వేరే ఉన్నాడు. రాసినందుకు మాత్రం ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది.

ఒక ప్రశ్న తేలలేదు. నా పొరపాటును కప్పుకోవడానికే అతన్ని బలిపెట్టానా, లేక అతని పక్కన నడవడానికి మూడేళ్లుగా సిగ్గుపడుతూ ఒక సాకు కోసం కాచుకున్నానా? ఒకసారి టిఫిన్ హోటల్లో తెలిసినవాళ్లు కనబడగానే అతని బల్ల దగ్గర నుంచి లేచి వేరే బల్లకు మారాను. అతను తలెత్తకుండా తిన్నాడు. ఆ క్షణంలోనూ, ఆదెప్ప తోటలోనూ నా మనసులో ఏముందో చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ విషయంలో నా సాక్ష్యాన్ని నేను నమ్మలేను.