తలుపు మీది దేవుడు

సూరత్‌లో మా ఇంటి దగ్గరి ఫైర్ స్టేషన్‌లో నిన్న, మంటలు ఆర్పుతూ పోయినవాళ్ళ ఫోటోలకు దండలు వేశారు. గేటుకు ఒక కాగితం అంటించి ఉంది. వెనుక మంటలు, ముందు అరచెయ్యి చూపిస్తున్న మనిషి.

నా ఏడేళ్ళప్పుడు బాపు పనిచేసే మగ్గాల షెడ్డు వెనుక తలుపుకు ఫైరోళ్ళు అదే బొమ్మ అంటించిపోయారు. మాకు గుజరాతీ చదవరాదు. దీవిస్తున్న దేవుడనుకుని, దసరాకు మగ్గాలతోపాటు దానికీ బొట్టు పెట్టాను.

"బాపూ, ఈ దేవునికి గద్దె లేదేంది?"

"నీ దేవుడు జరసేపు నిలబడలేడా బిడ్డా?" అని నవ్వుతూనే బాపు నూలు పెట్టెలు తెచ్చి తలుపుకు ఆనించి పేర్చాడు. వాటిమీద బంతిపూలు పెట్టాను. పండుగ పోయినా ఏడ్చి, పెట్టెలు తియ్యనివ్వలేదు.

దీపావళి ముందు షెడ్డు ముందువైపు అంటుకుంది. బాపు వెనుక తలుపు దాకా వచ్చాడట. అది లోపలికి తెరుచుకునే తలుపు. పెట్టెలు జరిపేంత వ్యవధి దొరకలేదు.

"ఇందులో ఏం రాసిందే?" అని నిన్న గేటు మీది కాగితం చూపించి నా బిడ్డను అడిగాను.

"తలుపుకు అడ్డం ఏం పెట్టొద్దని, అమ్మా."

ఆ గేటు ముందు ఎవరో పూలబుట్ట పెట్టారు. పక్కకు జరపడానికి నాకు ఒక్క చెయ్యి చాలింది.